చిలుకల శాస్త్రవేత్తను వెతికే బడిపిల్లలకు 'స్కైప్ ఎ సైంటిస్ట్' ఎంతవరకు ఉపయోగపడుతుంది?

పాఠశాల నివేదిక కోసం చిలుకలను అధ్యయనం చేసే శాస్త్రవేత్తతో మాట్లాడాలనుకునే ఉపాధ్యాయులకు నేను మొదట సూచించే సేవ 'స్కైప్ ఎ సైంటిస్ట్'. సారా మెక్‌అనల్టీ అనే జీవశాస్త్రవేత్త 2017లో అమెరికాలో దీనిని ప్రారంభించారు. అప్పటికి ఆమె కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో స్క్విడ్ అనే సముద్రజీవిపై డాక్టరేట్ పరిశోధన చేస్తున్నారు. తరగతి గదిని ఒక శాస్త్రవేత్తతో వీడియో కాల్ ద్వారా కలపడమే లాభాపేక్ష లేని ఈ సంస్థ చేసే పని. దానికి పాఠశాలల నుంచి రుసుము తీసుకోదు. పేరులో స్కైప్ ఉన్నప్పటికీ సంభాషణను జూమ్‌లోనో గూగుల్ మీట్‌లోనో జరుపుకోవచ్చు. స్కైప్ 2025 మే నెలలో మూతపడింది కాబట్టి, ఈ సేవ కూడా ఆగిపోయి ఉంటుందని పేరు చూసి అనుకోకూడదు.

నేను పాలమూరు ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. 1993 నుంచి దేశమంతటా జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్‌కు మా ఎనిమిదో తరగతి విద్యార్థులు ఎంచుకున్న అంశం రామచిలుకలు, మొక్కజొన్న చేలు. ఇది పుస్తకంలో చూసి ఎంచుకున్నది కాదు. కంకి పాలు పోసుకునే సమయంలో వీరిలో చాలామంది పొద్దున్నే మంచె ఎక్కి, డబ్బా కొట్టి, వడిసెల తిప్పి చిలుకలను తోలి, ఆ తరువాతే బడికి వస్తారు. అందువల్ల వారికి చిలుక గురించి తెలిసిన విషయాలు మా పాఠ్యపుస్తకంలో ఉన్నవాటికంటే ఎక్కువే. వారికి లేనిదల్లా తాము చూసినదాన్ని ఎవరైనా శాస్త్రీయంగా పరిశీలించారా, పరిశీలించి ఉంటే ఏం తేల్చారు అని అడగడానికి ఒక మనిషి. ఆ మనిషిని సంపాదించడంలో ఈ సేవ ఎంతవరకు పనికివచ్చింది, ఎక్కడ ఆగిపోయింది, ఆగిపోయినచోట వేరే దారులు ఏమున్నాయి అనేదే ఈ సమీక్ష.

నమోదు చేసుకునే విధానం సులువుగానే ఉంది. ఉపాధ్యాయుడు ఒక ఫారం నింపి తరగతి స్థాయి, విద్యార్థుల సంఖ్య, ఏ విజ్ఞానశాఖకు చెందిన శాస్త్రవేత్త కావాలి, ఏ సమయంలో మాట్లాడగలరు, ఏ కాలమండలంలో ఉన్నారు వంటి వివరాలు ఇవ్వాలి. ఆ వివరాలకు సరిపోయే శాస్త్రవేత్తను సంస్థ జత చేస్తుంది. అటుపైన ఇద్దరూ ఈమెయిల్ ద్వారా మాట్లాడుకుని తేదీని, సమయాన్ని ఖాయం చేసుకోవాలి. సంభాషణ సాధారణంగా అరగంట నుంచి గంట వరకు ఉంటుంది. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఏమిటంటే, శాస్త్రవేత్త వచ్చి ఉపన్యాసం ఇవ్వాలని ఈ సేవ కోరదు. పిల్లలు ప్రశ్నలు అడగడం, శాస్త్రవేత్త సమాధానాలు చెప్పడం, అంతే. మన పాఠశాలలకు అతిథులు వచ్చినప్పుడు వేదిక, దండలు, పరిచయ ప్రసంగాలు ముగిసేసరికి పిల్లలకు మిగిలేది చివరి ఐదు నిమిషాలే. ఆ అలవాటు నుంచి బయటపడటానికి ఈ పద్ధతి ఎంతగానో తోడ్పడింది.

అయితే చిలుకల కోసం వెళ్లేవారు ఒక విషయం ముందే గ్రహించాలి. ఇక్కడ ఎంచుకోగలిగేది విజ్ఞానశాఖను మాత్రమే; ఫలానా పక్షినో జంతువునో కోరి దానిపైనే పని చేసే వ్యక్తి కావాలనడానికి ఈ ఏర్పాటు ఉద్దేశించినది కాదు. జంతుశాస్త్రం కావాలంటే గబ్బిలాలపై పనిచేసేవారు రావచ్చు, చేపలపై పనిచేసేవారూ రావచ్చు. వ్యాఖ్యలు రాసే చోట మా ప్రశ్నలను ముందే వివరంగా రాయడం వల్ల కావచ్చు, మాకు దొరికిన శాస్త్రవేత్త మాత్రం పక్షుల కూతలపైనే పరిశోధన చేస్తున్న ఒక డాక్టరేట్ విద్యార్థిని. ఆమె ప్రధాన అంశం గానపక్షులే అయినా, చిలుకల కూతలపై వచ్చిన పరిశోధనలన్నీ ఆమెకు కరతలామలకం. మా నివేదికలో కూతల అధ్యాయం రాయడానికి ఇంతకంటే తగినవారు దొరకరు.

సంభాషణలో మొదటి ప్రశ్న ఎవరైనా ఊహించగలిగినదే: చిలుక మాట్లాడగలిగినప్పుడు కాకి ఎందుకు మాట్లాడదు? ఆమె సమాధానం ఓపికగా, అంచెలంచెలుగా సాగింది. మనకు స్వరపేటిక గొంతులో పైభాగాన ఉంటే, పక్షులకు ధ్వని పుట్టే అవయవం శ్వాసనాళం రెండుగా చీలే చోట, ఛాతీ లోపల ఉంటుంది. అక్కడ పుట్టిన ధ్వనిని చిలుక తన మందమైన నాలుకను కదిలించి మార్చగలదు. నాలుక స్థానం కొద్దిగా మారినా ధ్వని గణనీయంగా మారుతుందని మాంక్ చిలుకలపై చేసి 2004లో ప్రచురించిన ప్రయోగం చూపింది. విని నేర్చుకునే సామర్థ్యం మాత్రం నాలుకకు కాక మెదడుకు సంబంధించినది. పక్షులలో చిలుకలకు, గానపక్షులకు, హమ్మింగ్‌బర్డ్‌లకు మాత్రమే అది బాగా అభివృద్ధి చెందింది. శాస్త్రవేత్తల వర్గీకరణలో కాకి కూడా గానపక్షుల సమూహంలోనిదేననీ, పెంచిన కాకులు మాటలను అనుకరించిన సందర్భాలు ఉన్నాయనీ ఆమె చెప్పినప్పుడు తరగతిలో పెద్ద కలకలం రేగింది. ప్రశ్నలోనే ఒక పొరపాటు ఊహ ఉందని పిల్లలు తమంతట తాము గుర్తించిన ఆ క్షణం, నా దృష్టిలో, ఈ సేవ చేసిన మేలులో పెద్ద భాగం.

తరువాత ఒక అమ్మాయి చిలుకకు తాను పలికే మాటకు అర్థం తెలుసా అని అడిగింది. ఇందుకు జవాబుగా ఆమె ఐరీన్ పెప్పర్‌బర్గ్ పరిశోధనను వివరించారు. పెప్పర్‌బర్గ్ 1977లో షికాగోలోని ఒక పెంపుడు జంతువుల దుకాణం నుంచి ఆఫ్రికన్ గ్రే జాతికి చెందిన ఒక చిలుకను కొని, దానికి అలెక్స్ అని పేరు పెట్టి, 2007 సెప్టెంబరులో అది చనిపోయేవరకు ముప్ఫై ఏళ్లపాటు దాని గ్రహణశక్తిని అధ్యయనం చేశారు. పెప్పర్‌బర్గ్ అనుసరించిన పద్ధతిలో ఇద్దరు మనుషులు చిలుక ఎదుట కూర్చుని, ఒకరు వస్తువు చూపి పేరు అడుగుతుంటే మరొకరు జవాబు చెబుతారు. సరైన జవాబుకు ఆ వస్తువే బహుమానం. చిలుక ఈ రెండో మనిషిని చూసి, పోటీపడి నేర్చుకుంటుంది. అలెక్స్ యాభైకి పైగా వస్తువుల పేర్లను, రంగులను, ఆకారాలను, చిన్న సంఖ్యలను చెప్పగలిగింది. రెండు వస్తువులు చూపి వాటి మధ్య తేడా ఏమిటంటే రంగు అనో ఆకారం అనో జవాబిచ్చింది. అయితే ఒకే పక్షిపై ప్రధానంగా ఆధారపడిన పరిశోధన కాబట్టి దీనిపై శాస్త్రవేత్తలలో చర్చ చాలాకాలం సాగిందని కూడా మాతో మాట్లాడిన శాస్త్రవేత్త దాచకుండా చెప్పారు. పిల్లల ముందు ఒక పరిశోధనను పొగిడి వదిలేయకుండా దాని పరిమితిని కూడా చెప్పడం నాకు ఎంతో గౌరవం కలిగించింది.

కూతల గురించే ఆమె చెప్పిన మరొక పరిశోధన నివేదికలో ఒక పూర్తి పుటను ఆక్రమించింది. వెనిజువెలాలో అడవి చిలుకలలో చిన్న జాతి అయిన గ్రీన్ రంప్డ్ పారట్‌లెట్‌లపై కార్ల్ బెర్గ్, ఆయన సహచరులు చేసి 2011లో వెలువరించిన అధ్యయనం అది. గూళ్లలో గుడ్లను అటూఇటూ మార్చి, పిల్లలు తమను కన్న జంటను కాక పెంచిన జంటను పోలిన గుర్తింపు కూతలను నేర్చుకుంటాయని వారు చూపారు. అంటే అడవిలోని చిలుకపిల్లకు పేరు వంటిదొకటి ఉంటుందనీ, అది పెంచినవారి నుంచి వస్తుందనీ అర్థం. మా ఊరి తాటి మానుల తొర్రలలో ఉండే రామచిలుకలకు కూడా అలా ఉంటుందా అని ఒక విద్యార్థి అడిగితే, ఆ జాతిపై ఆ ప్రయోగం తాను చూడలేదనీ, ఉంటుందనో ఉండదనో ఊహించి చెప్పడం సరికాదనీ ఆమె జవాబిచ్చారు. 'తెలియదు' అన్న మాటను పిల్లలు నివేదికలో యథాతథంగా రాసుకున్నారు, నేను కొట్టివేయనివ్వలేదు.

మా తరగతిలోని పరిశీలన ఒకటి ఆమెను నిజంగా ఆకట్టుకుంది. కంకిని పట్టుకునేటప్పుడు చిలుక ఎక్కువగా ఎడమ కాలినే వాడుతోందని మంచె మీద కూర్చునే ఇద్దరు పిల్లలు గమనించి నోటు పుస్తకంలో గీతలు గీసి లెక్కపెట్టారు. ఆస్ట్రేలియాలో మాక్వారీ విశ్వవిద్యాలయానికి చెందిన కలమ్ బ్రౌన్, మరియా మగట్ పలు చిలుక జాతులలో ఇదే విషయాన్ని అధ్యయనం చేసి 2011లో ప్రచురించారనీ, చాలా జాతులు ఒక కాలికే మొగ్గు చూపుతాయనీ, ఏ కన్నుతో వస్తువును చూస్తాయో ఆ వైపు కాలినే వాడే ధోరణి ఉందనీ ఆమె చెప్పారు. పిల్లలు లెక్క కొనసాగించాలనీ, అయితే ఒకే చిలుకను పదేపదే లెక్కపెట్టకుండా జాగ్రత్తపడాలనీ సూచించారు. శాస్త్రవేత్తతో మాట్లాడినందువల్ల పిల్లలకు కలిగిన లాభం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపేది ఈ సూచననే, ఎందుకంటే దానివల్ల వారి పరిశీలన పద్ధతే మారింది. అప్పటి నుంచి వారు చేనును భాగాలుగా విడగొట్టుకుని, ఒక్కొక్క భాగంలో ఒక్కొక్కసారే లెక్క తీసుకుంటున్నారు.

ఇక ఇబ్బందుల విషయానికి వస్తే, భాష వాటిలో మొదటిది. సంభాషణ ఆంగ్లంలో సాగుతుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఉపాధ్యాయుడు వెంటవెంటనే అనువదించాలి, దానితో గంటలో సగం అనువాదానికే పోతుంది. మేము ప్రశ్నలను ముందే ఆంగ్లంలోకి మార్చి పంపడం వల్ల సమయం కొంత కలిసివచ్చింది. రెండవది కాలభేదం. అమెరికా తూర్పు తీరంలో చలికాలపు ఉదయం 9 గంటలంటే మనకు రాత్రి 7:30. పల్లెల్లో ఆడపిల్లలను ఆ వేళకు బడికి రప్పించాలంటే తల్లిదండ్రులతో ముందే మాట్లాడి, తిరిగి ఇళ్లకు చేర్చే ఏర్పాటు చేసుకోవాలి. ఐరోపాలోని శాస్త్రవేత్త అయితే ఈ చిక్కు ఉండదు, మన మధ్యాహ్నం మూడు గంటలకు అక్కడ ఉదయమే. కాబట్టి ఫారంలో సమయాలు రాసేటప్పుడు బడివేళలనే రాయడం మంచిది. మూడవది, ఇది తరగతులను ఉద్దేశించిన సేవ. ఇంట్లో ఒక్క పిల్లవాడి నివేదిక కోసం తల్లిదండ్రులు వెతుకుతుంటే, అదే తరగతిలోని మరికొందరిని కలుపుకుని ఉపాధ్యాయుని ద్వారా వెళ్లడమే సరైన మార్గం. అలా కుదరనివారికి సంస్థ ప్రసారం చేసిన సంభాషణల వీడియోలు అందుబాటులో ఉన్నాయి, కానీ వాటిలో మన ప్రశ్న అడగలేము.

వీటన్నిటికంటే ముఖ్యమైన పరిమితి మరొకటి ఉంది, అది ఈ సేవ లోపం కాదు. మా పిల్లల అసలు ప్రశ్న కూతల గురించి కాదు. చిలుక కంకిలో నాలుగు గింజలు తిని, మిగిలింది పాడుచేసి మరొక కంకి మీదికి ఎందుకు వెళుతుంది? చేను అంచున ఉన్న వరుసలనే ముందు ఎందుకు తింటుంది? వాటిని చంపకుండా ఎలా ఆపాలి? ఈ ప్రశ్నలకు ఆ శాస్త్రవేత్త మర్యాదగా, సూటిగా ఒకే మాట చెప్పారు: వీటికి మీ దేశంలోని వ్యవసాయ పక్షిశాస్త్రవేత్తలను అడగండి. ప్రపంచంలో దాదాపు 400 చిలుక జాతులు ఉంటే, వాటిని అధ్యయనం చేసే శాస్త్రవేత్తలు కూడా అంతే భిన్నమైన దారులలో ఉన్నారని అప్పుడు మా పిల్లలకు తెలిసింది. పెరూలోని తంబోపాటా నది ఒడ్డున మకావ్ చిలుకలు మట్టిని ఎందుకు తింటాయో అధ్యయనం చేసిన డొనాల్డ్ బ్రైట్‌స్మిత్ బృందం, ఆ మట్టిలోని సోడియం కోసమేనని తేల్చే దిశగా పనిచేసింది. న్యూజిలాండ్‌లో ఎగరలేని కాకాపో చిలుకలు 1995లో 51 మాత్రమే మిగిలితే, వాటిని కాపాడే శాస్త్రవేత్తలు ఒక్కొక్క పక్షికి పేరు పెట్టి, ట్రాన్స్‌మిటర్ కట్టి, జీవితమంతా వెన్నంటి ఉన్నారు. వియన్నాలో ఆలిస్ ఆవర్స్‌పర్గ్ గాఫిన్ కాకటూలు పనిముట్లు తయారుచేసే తీరును పరిశీలిస్తారు. వీరంతా చిలుకల శాస్త్రవేత్తలే. కానీ పాలమూరు మొక్కజొన్న చేను గురించి వీరిని అడిగి ప్రయోజనం ఉండదు.

అందువల్ల ఈ సేవతో పాటు ప్రతి ఉపాధ్యాయుడూ వాడవలసిన రెండో మార్గం పరిశోధన పత్రాల దారి. గూగుల్ స్కాలర్‌లో రామచిలుక శాస్త్రీయ నామం 'సిట్టాకులా క్రామెరి' (Psittacula krameri) అని ఇచ్చి, దానితో పాటు మన ప్రశ్నకు సంబంధించిన మాటను, అంటే పంట నష్టం అనో గూడు అనో కూత అనో, ఆంగ్లంలో చేర్చి వెతికితే పత్రాలు వస్తాయి. చాలా పత్రాల మొదటి పుటలో ఉత్తరప్రత్యుత్తరాలకు ఏ రచయితను సంప్రదించాలో, వారి ఈమెయిల్‌తో సహా ముద్రించి ఉంటుంది. అది అడగడానికి ఇచ్చిన చిరునామాయే కాబట్టి మొహమాటపడవలసిన పని లేదు. పత్రం పూర్తి పాఠం డబ్బు చెల్లిస్తే తప్ప తెరుచుకోకపోతే, ఒక ప్రతి పంపమని రచయితనే కోరవచ్చు. సాధారణంగా సంతోషంగా పంపుతారు.

ఈ దారిలో వెళితే ఒక విచిత్రం ఎదురవుతుంది. మన రామచిలుక గురించి వచ్చిన కొత్త పరిశోధనలో చాలా భాగం మన దేశంలో కాక ఇంగ్లండ్‌లో, ఐరోపాలో జరిగింది. పంజరాల నుంచి తప్పించుకున్న, వదిలివేయబడిన పక్షుల సంతతి లండన్ పార్కుల్లో వేల సంఖ్యలో పెరిగి, అక్కడి స్థానిక పక్షుల తొర్రలకు పోటీకి వస్తోంది కాబట్టి అక్కడివారికి అది పెద్ద సమస్య. కెంట్ విశ్వవిద్యాలయంలో హేజెల్ జాక్సన్, ఆమె సహచరులు 2015లో ప్రచురించిన జన్యు అధ్యయనం, ఐరోపాలోని ఈ చిలుకల మూలం ప్రధానంగా పాకిస్తాన్, ఉత్తర భారతదేశ ప్రాంతాలేనని చూపింది. ఇది చదివిన పిల్లలు తమ ఊరి పక్షిని దూరదేశంలో ఇంత శ్రద్ధగా చదువుతున్నారని ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఆశ్చర్యంతో పాటు బాధ కూడా కలిగింది. మనకు ఇంటి పక్షి కావడం వల్లనే దాన్ని మనం తగినంతగా చదవలేదేమో అనిపించింది.

అలాగని మన దగ్గర ఏమీ లేదనుకోవడం తప్పు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి పథకం కింద వ్యవసాయ పక్షిశాస్త్ర విభాగం ఏళ్ల తరబడి పనిచేసింది. పంటలకు పక్షులు చేసే నష్టాన్ని కొలవడం, వాటిని చంపకుండా దూరంగా ఉంచే పద్ధతులను పరీక్షించడం దాని పని. చేను మీదుగా మెరిసే రిబ్బన్లు కట్టడం, కంకులను ఆ మొక్క ఆకులతోనే చుట్టి కప్పడం, చేను చుట్టూ అదనపు వరుసలు వేయడం వంటి సూచనలు ఈ రంగం నుంచి వచ్చినవే. పంట నష్టం మీద ప్రాజెక్టు చేసే పిల్లలకు చిలుకల శాస్త్రవేత్త ఉండేది జంతుప్రదర్శనశాలలో కాదు, ఇక్కడ. అంత దూరం వెళ్లలేనివారు జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడిగితే, కనీసం ఎవరిని సంప్రదించాలో చెప్పగలుగుతారు. మా పిల్లలు అక్కడికి రాసిన ఉత్తరంలో తమ ఊరు, పంట, కంకి ఏ దశలో ఉన్నప్పుడు చిలుకలు వస్తున్నాయి, ఏ వైపు వరుసలు ఎక్కువ పోతున్నాయి అనే వివరాలు రాసి, చివర మూడు ప్రశ్నలు మాత్రమే అడిగారు. శాస్త్రవేత్తకు రాసే ఉత్తరం ఇలాగే ఉండాలని నా గట్టి అభిప్రాయం. 'చిలుకల గురించి మీకు తెలిసినదంతా చెప్పండి' అని రాసిన ఉత్తరానికి ఎంత మంచివారైనా జవాబు రాయలేరు.

కూతల మీదే ఆసక్తి ఉన్నవారికి ఆంధ్రప్రదేశ్‌లో మరొక చోటు ఉంది. తిరుపతిలోని ఐసర్ (భారత విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ)లో వి.వి. రాబిన్ పరిశోధన బృందం పడమటి కనుమల పక్షుల పాటలను అధ్యయనం చేస్తుంది. అది చిలుకల పరిశోధన కాకపోయినా, పక్షి ధ్వనిని రికార్డు చేసి విశ్లేషించడం ఎలాగో తెలుసుకోవడానికి తగిన చోటు. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రం, 1883లో ఏర్పడిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ దేశం మొత్తానికీ తెలిసిన సంస్థలు. హైదరాబాద్‌లోని డెక్కన్ బర్డర్స్ సభ్యులు వృత్తిరీత్యా శాస్త్రవేత్తలు కాకపోయినా ఈ ప్రాంతపు పక్షులను దశాబ్దాలుగా చూస్తున్నవారు. ఏ నెలలో ఎక్కడ గూళ్లు పెడతాయో వారిని అడిగితే తెలుస్తుంది. వీరందరికీ ఉత్తరం రాసే ముందు జీనో-కాంటో అనే ఉచిత ధ్వనుల భాండాగారంలో రామచిలుక కూతలను పిల్లలకు వినిపిస్తే, ప్రశ్నలు వాటంతట అవే మెరుగుపడతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. చిలుకల నిపుణుడి కోసం ఇంటర్నెట్‌లో వెతికితే ముందు వరుసలో కనిపించేవారిలో పలువురు శాస్త్రవేత్తలు కారు. పెంపుడు పక్షులు అమ్మేవారు, మాటలు నేర్పే శిక్షకులు, డబ్బు తీసుకుని 'నిపుణుడితో' మాట్లాడించే యాప్‌లు. మా విద్యార్థి ఒకరి తండ్రి అటువంటి ఒక యాప్‌లో రుసుము చెల్లిస్తే, అవతల మాట్లాడిన వ్యక్తి చిలుకకు ఏ గింజలు పెట్టాలో, ఏ పంజరం కొనాలో చెప్పారే కాని, ఏ పరిశోధనను ఆధారంగా చెబుతున్నారని అడిగితే జవాబు లేదు. రామచిలుకతో సహా మన దేశపు చిలుకలన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. పూర్వజన్మలో చిలుకను పంజరంలో బంధించినందుకే రామదాసు పన్నెండేళ్లు చెరసాలలో ఉన్నాడని మన పెద్దలు చెప్పుకునే కథను పిల్లలే గుర్తుచేసి, ఈ చట్టం గురించి నివేదికలో రాశారు. చిలుక జోస్యం చెప్పేవారి పంజరంలోని పక్షి ఎక్కడి నుంచి వచ్చిందనే ప్రశ్న కూడా వారికి అప్పుడే కలిగింది. శాస్త్రవేత్తను గుర్తుపట్టడానికి ఒక తేలికైన మార్గం ఉంది: ఆ వ్యక్తి పేరుతో ప్రచురితమైన పరిశోధన పత్రం ఉందా, ఏ విశ్వవిద్యాలయంలోనో సంస్థలోనో పని చేస్తున్నారా అని చూడాలి. ఈ రెండూ లేనప్పుడు వారి మాటను అనుభవజ్ఞుడి మాటగా రాసుకోవచ్చు, శాస్త్రవేత్త మాటగా రాయకూడదు.

భద్రత విషయంలోనూ 'స్కైప్ ఎ సైంటిస్ట్' పద్ధతి నాకు నచ్చింది. ఉత్తరప్రత్యుత్తరాలు ఉపాధ్యాయుడికీ శాస్త్రవేత్తకూ మధ్యే జరుగుతాయి కాబట్టి పిల్లల ఈమెయిల్‌లు, ఫోన్ నంబర్లు ఎవరికీ ఇవ్వవలసిన పని లేదు. నేరుగా పరిశోధకులకు రాసేటప్పుడు కూడా ఇదే నియమం పాటించాలి: ఉత్తరం పిల్లలు రాయాలి, పంపడం మాత్రం పాఠశాల చిరునామా నుంచి ఉపాధ్యాయుడు చేయాలి.

మొత్తం మీద ఈ సేవకు నేను 5కి 4 ఇస్తాను. ఆ ఒక్క మార్కు తగ్గించింది భాష వల్ల మాత్రమే. మన పిల్లలు తెలుగులో అడిగి తెలుగులో జవాబు వినగలిగే ఇటువంటి ఏర్పాటు మన విశ్వవిద్యాలయాలు, జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు కలిసి చేయగలిగితే, రాజేంద్రనగర్‌లోని పరిశోధకుడు పాలమూరు మంచె మీది పిల్లవాడికి నేరుగా జవాబు చెప్పగలడు. అప్పటివరకు కూతలు, మేధస్సు, ప్రవర్తన వంటి సాధారణ విషయాలకు 'స్కైప్ ఎ సైంటిస్ట్'ను, ఫలానా జాతికి సంబంధించిన ప్రశ్నకు పరిశోధన పత్రం మీది చిరునామాను, పంటకు సంబంధించిన ప్రశ్నకు వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించమని తోటి ఉపాధ్యాయులకు చెబుతున్నాను. ఫారం నింపాక జత దొరకడానికి, ఆపైన సమయం కుదరడానికి కొంత వ్యవధి పడుతుంది కాబట్టి నివేదిక ఇవ్వవలసిన గడువు దగ్గరపడ్డాక కాకుండా, అంశం ఖాయమైన వారంలోనే నమోదు చేసుకోండి. ప్రశ్నలను కూడా అప్పుడే ఆంగ్లంలో రాసి ఫారంతో పాటు పంపండి.